రోజెట్ నీహారికలో ఎరుపు ఎందుకు రావడం లేదు?

రాత్రి_సంచారి
వికారాబాద్ దాటాక ఒక స్నేహితుడి పొలంలో డిసెంబరు చివరి వారంలో రోజెట్ నీహారికను, అంటే ఆకాశంలో గులాబీ ఆకారంలో ఉండే వాయు మేఘాన్ని, ఫొటో తీశాను. మామూలు డీఎస్ఎల్ఆర్, 135 మి.మీ. లెన్సు, చుక్కల కదలికతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్. ఒక్కో ఫ్రేము నిమిషం, అన్నీ కలిపితే గంటన్నర. చుక్కలు సూదిమొనల్లా వచ్చాయి. మధ్యలో ఉండే ఎన్‌జీసీ 2244 నక్షత్రాల గుంపు చక్కగా ఉంది. కానీ దాని చుట్టూ ఉండాల్సిన ఎర్ర గులాబీ జాడే లేదు. బూడిద రంగు మసక, అంతే. అదే రాత్రి, అదే కెమెరాతో ఒరాయన్ నీహారిక ఎం42 తీస్తే పది నిమిషాలకే గులాబీ, నీలం రంగులతో మెరిసిపోయింది. కెమెరా అమ్మిన దుకాణంలో ఆకాశానికి ఇదే చాలన్నారు. లోపం కెమెరాదా, ఆకాశానిదా? అందరూ పెట్టే ఎర్ర ఫొటోలు అసలు నిజమేనా, రంగు పూసినవా?

మబ్బుల_బాధితుడు
మీకు చుక్కలైనా వచ్చాయి. విశాఖలో నాకు ఈ సీజనంతా దొరికినవి మబ్బులే. వాటిని కూడా నీహారికలని చెప్పుకుందామా అని ఆలోచిస్తున్నాను.

వర్ణపటం
దుకాణంవాళ్ళు పగటి ఆకాశం గురించి చెప్పి ఉంటారు. రోజెట్ ఎరుపు దాదాపు మొత్తం ఒకే గీత నుంచి, అంటే వర్ణపటంలో ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర వచ్చే వెలుగు నుంచి, వస్తుంది: హైడ్రోజన్ ఆల్ఫా, 656.3 నానోమీటర్లు. మీ కెమెరా సెన్సరు ముందు ఒక ఫిల్టర్ ఉంటుంది. అది పరారుణ కిరణాలను ఆపడానికి పెట్టినదే కానీ, ముదురు ఎరుపును కూడా ముందుగానే తగ్గించడం మొదలుపెడుతుంది. 656 దగ్గరికి వచ్చేసరికి నాలుగో వంతు అటూ ఇటూగా వెలుగు మాత్రమే లోపలికి వస్తుంది. కొన్ని మోడళ్ళలో ఇంకా తక్కువ. వచ్చిన ఆ కాస్త కూడా ఎర్ర పిక్సెళ్ళకే పనికొస్తుంది. అవి మొత్తం పిక్సెళ్ళలో నాలుగింట ఒకటి.

ఎం42 సంగతి వేరు. దాని నడిబొడ్డు చాలా ప్రకాశవంతం. పైగా అక్కడ 500.7 దగ్గర ఆక్సిజన్ గీత, 486.1 దగ్గర హైడ్రోజన్ బీటా గీత బలంగా ఉంటాయి. ఆ రెండింటినీ మీ ఫిల్టర్ హాయిగా పోనిస్తుంది. అందుకే గులాబీ, నీలం వచ్చాయి.

రాత్రి_సంచారి
అంత అడ్డమైన ఫిల్టర్ అసలు ఎందుకు పెట్టినట్టు?

కెమెరా_వైద్యుడు
పెళ్ళికూతురి ముఖం పెళ్ళికూతురి ముఖంలాగే రావడానికి. సిలికాన్ సెన్సరు మన కంటికి కనపడని పరారుణం కూడా చూస్తుంది. ఆ ఫిల్టర్ తీసేస్తే చర్మం, పట్టుచీర, చెట్ల ఆకులు అన్నీ విపరీతపు రంగుల్లోకి పోతాయి. కంపెనీలు ఫొటోలు అమ్ముకునేవాళ్ళ కోసం కెమెరాలు చేస్తాయి, నీహారికల కోసం కాదు. మధ్యలో కొన్ని మినహాయింపులు వచ్చాయి: కెనాన్ 20డీఏ, 60డీఏ, నికాన్ 2015లో డీ810ఏ, కెనాన్ 2019లో ఆర్ఏ. ఇప్పుడు పాతవి ఎవరైనా అమ్మితే తప్ప దొరకడం కష్టం.

ఆ ఫిల్టర్ మార్పిస్తే హైడ్రోజన్ ఆల్ఫా మూడు, నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇష్టమైన పాత కెమెరా ఒకటి దీనికే కేటాయించుకోవడం మేలు. వారంటీ పోతుంది, పగటి ఫొటోలకు వైట్ బ్యాలెన్స్ చేత్తో సరిచేసుకోవాలి, ఫిల్టర్ తీసేసి దాని స్థానంలో ఏమీ పెట్టకపోతే ఆటోఫోకస్ దూరం కూడా మారుతుంది.

పొదుపరి
కెమెరా విప్పే ముందు ఆగండి. వికారాబాద్ అంటే హైదరాబాద్‌కు పడమర. డిసెంబరు చివర రోజెట్ సాయంత్రం ఆరింటికి తూర్పున ఉదయిస్తుంది. భోజనం చేసి తొమ్మిదిలోపు మొదలుపెట్టి ఉంటే, మీ లెన్సు సరిగ్గా హైదరాబాద్ వెలుగుల మీదికే తిరిగి ఉంటుంది. నడినెత్తికి వచ్చేది అర్ధరాత్రి దాటాక.

రాత్రి_సంచారి
ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాను. పొలంలో చలి, పదకొండుకల్లా సర్దేశాం.

పొదుపరి
చూశారా. ఫిబ్రవరిలో తీయండి. తొమ్మిదికల్లా దక్షిణంగా, 77 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మన అక్షాంశానికి ఇంతకంటే మంచి చోటు దానికి లేదు. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

కెమెరా_వైద్యుడు
@పొదుపరి నడినెత్తిన ఉన్నా ఫిల్టర్ ఫిల్టరే. నాలుగు గంటలు తీసి సాధించేది మార్పించిన కెమెరాతో గంటలో వస్తుంది.

వర్ణపటం
ఇద్దరి మాటలోనూ లెక్క ఉంది. సంకేతం, అంటే నీహారిక వెలుగు, కాలంతో నేరుగా పెరుగుతుంది. గోల, అంటే ఫొటోలో గింజగింజగా కనపడే మసక, కాలం వర్గమూలంతో పెరుగుతుంది. ఫొటో రెండింతలు మెరుగవ్వాలంటే నాలుగింతల సమయం. మూడింతలు కావాలంటే తొమ్మిదింతలు. నగరపు వెలుగు కూడా గోలలో భాగమే కాబట్టి చీకటి చోటు వెతుక్కోవడం గంటలు కొనుక్కోవడమే.

నిజమెక్కడ
ఇంతమంది ఇన్ని లెక్కలు చెబుతున్నారు కానీ ఆయన అడిగిన చివరి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో నేను స్వయంగా ఎన్నో నీహారికలు చూశాను. అన్నీ బూడిద రంగే. ఒక్క ఒరాయన్ మాత్రం కాస్త ఆకుపచ్చగా అనిపించింది. ఎరుపు ఎక్కడా లేదు. కంటికి లేని రంగు కంప్యూటర్‌లో వచ్చిందంటే అది పూసినదే కదా?

భౌతిక_మాస్టారు
మంచి సందేహం. కాకపోతే సాక్షిగా మీరు పిలిచింది చీకట్లో సరిగా చూడలేని కంటిని. మసక వెలుగులో మన కంటిలో పనిచేసేవి దండ కణాలు. వాటికి 507 నానోమీటర్ల దగ్గర, అంటే నీలి ఆకుపచ్చ దగ్గర, చూపు బాగా ఉంటుంది. 656 దగ్గర దాదాపు గుడ్డి. ఒరాయన్ ఆకుపచ్చగా అనిపించడానికి కారణం ఆ 500.7 ఆక్సిజన్ గీతే. ఎరుపు అక్కడే ఉంది, మీ కన్ను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంటర్ ప్రయోగశాలలో హైడ్రోజన్ నింపిన గాజు గొట్టానికి విద్యుత్తు ఇచ్చినప్పుడు ఎర్రని గులాబీ రంగు వచ్చేది, చూసే ఉంటారు. ఇక్కడా అదే వాయువు, అదే గీత. విద్యుత్తు బదులు నక్షత్రం ఉంది, అంతే. ఎన్‌జీసీ 2244లో కొన్ని నక్షత్రాల ఉపరితలం 40,000 డిగ్రీలకు అటూ ఇటూ. వాటి వెలుగులో అత్యధికం అతినీలలోహితం. 91.2 నానోమీటర్ల కంటే చిన్న తరంగం తగిలితే హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. అందుకు కావలసిన శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. ఊడిన ఎలక్ట్రాన్ మరో ప్రోటాన్‌కు దొరికి, పై శక్తి మెట్టు నుంచి కిందికి దిగుతూ వస్తుంది. మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దిగినప్పుడు విడుదలయ్యేదే మనం మాట్లాడుకుంటున్న 656.3. అంటే నీహారిక తనంతట తాను మండడం లేదు. నక్షత్రాల నుంచి కంటికి కనపడని వెలుగు తీసుకుని కనపడే వెలుగుగా తిరిగిస్తోంది.

ఒక్కో నక్షత్రం తన చుట్టూ ఎంత దూరం వరకు హైడ్రోజన్‌ను ఇలా విడగొట్టగలదో 1939లో స్ట్రోమ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త లెక్కకట్టాడు. ఏ ఉష్ణోగ్రత, ఏ సాంద్రత దగ్గర వాయువులో ఎంత భాగం అయాన్లుగా మారుతుందో అంతకు ముందే 1920లో మేఘనాథ్ సాహా సమీకరణం ఇచ్చాడు. నక్షత్రాల వర్ణపటాలు చదవడానికి తాళంచెవి అదే.

మబ్బుల_బాధితుడు
మాస్టారు పాఠం మొదలుపెట్టారు. వెనక బెంచీవాళ్ళు మేలుకోండి.

నిజమెక్కడ
సరే, గొట్టం ఉదాహరణ ఒప్పుకుంటున్నాను. మరి హబుల్ టెలిస్కోపు ఫొటోల్లో వాయువు స్తంభాలు బంగారు రంగు, వెనకాల నీలం. అదీ నిజమేనా?

వర్ణపటం
కాదు. ఎవరూ నిజమని చెప్పలేదు కూడా. ఎం16 నీహారికలోని ఆ స్తంభాల ఫొటో 1995లో శాస్త్రవేత్తలు హెస్టర్, స్కోవెన్ తీసినది. సల్ఫర్ గీతకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. హైడ్రోజన్ 656, సల్ఫర్ 672, రెండూ ముదురు ఎరుపే. ఉన్నవి ఉన్నట్టు వేస్తే రెండూ కలిసిపోయి ఏది ఎక్కడుందో తెలియదు. ఏ వాయువు ఎక్కడుందో విడిగా చూపడానికి రంగు మార్చారు. అది శాస్త్రవేత్తల పని కోసం పుట్టిన పద్ధతి. అందంగా ఉందని మనవాళ్ళు ఎత్తుకొచ్చారు.

నిజమెక్కడ
అంటే ఆ పద్ధతిలో తీసినవాళ్ళు కింద ఆ మాట రాయాలి. రాయరు. నా గొడవ అదే.

భౌతిక_మాస్టారు
అందులో నేను మీ పక్షమే. ఇంకొకటి కూడా చెప్పాలి. హైడ్రోజన్ ఆల్ఫాతో పాటు బీటా గీత కూడా ఉంటుంది కాబట్టి, నిజంగా మన కళ్ళకు ఆ శక్తి ఉంటే రోజెట్ గులాబీ రంగు వైపు కనిపించాలి. మిరపకాయ ఎరుపు ఫొటోలు సాచ్యురేషన్, అంటే రంగు గాఢత, పెంచినవే.

బ్రాడీపేట
మిరపకాయ మాట వచ్చింది కాబట్టి గుంటూరువాడిగా దిగుతున్నాను. మా ఊరికి ఈ ఎర్ర గీతతో చుట్టరికం ఉందని ఎక్కడో చదివాను. మాస్టారు చెప్పగలరా?

భౌతిక_మాస్టారు
ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి చూశాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలను వర్ణపటదర్శినిలో చూస్తే అవి వెలుగు గీతలుగా విడిపోయాయి. అంటే అవి వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండానే వాటిని చూడొచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు చూశాడు కూడా. అందులో ఎర్రది ఇదే 656.3. అదే గ్రహణంలో కనిపించిన మరో పసుపు గీత హీలియం కనుగొనడానికి దారితీసింది.

బ్రాడీపేట
ఇప్పుడు ఆయన వస్తే గుంటూరులో చూడటానికి వీధి దీపాలే మిగిలాయి.

వర్ణపటం
అంతకు నాలుగేళ్ళ ముందు కథ కూడా చెప్పండి మాస్టారు, నెబ్యులియం.

భౌతిక_మాస్టారు
1864లో హగిన్స్ అనే శాస్త్రవేత్త ఎన్‌జీసీ 6543 అనే నీహారిక వైపు వర్ణపటదర్శిని తిప్పాడు. నక్షత్రాల్లా ఇంద్రధనుస్సు రాలేదు, విడివిడి గీతలు వచ్చాయి. నీహారికలన్నీ దూరపు నక్షత్రాల గుంపులే కావని, కొన్ని నిజంగా వాయువేనని అప్పుడు తేలింది. ఒక చిక్కు మిగిలింది. 500.7 దగ్గర ఆకుపచ్చ గీత భూమ్మీద ఏ మూలకానికీ సరిపోలేదు. కొత్త మూలకమేమోనని నెబ్యులియం అని పేరు పెట్టారు. 1927లో బోవెన్ అనే శాస్త్రవేత్త అది రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజనేనని చూపించాడు.

ఇన్నేళ్ళు ఎందుకు దొరకలేదంటే, ఆ ఆక్సిజన్ ఆ స్థితిలో సుమారు అర నిమిషం ఆగితే కానీ ఆ వెలుగు ఇవ్వదు. మన గాలిలో ఒక ఘన సెంటీమీటరులో రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. అంత రద్దీలో అర నిమిషం ఎవరినీ తగలకుండా ఉండటం కుదరదు. రోజెట్‌లో అంతే చోటులో పదుల సంఖ్యలో మాత్రమే కణాలు ఉంటాయి. మన ప్రయోగశాలల్లో మంచి శూన్యం అనుకునేది కూడా దాని ముందు కిక్కిరిసిన చోటే.

రాత్రి_సంచారి
ఇంత పల్చటిదాన్నా నేను గంటన్నరలో పట్టాలనుకున్నది! అంత పల్చగా ఉంటే అసలు ఎలా కనిపిస్తుంది?

వర్ణపటం
మందం వల్ల. 5,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉండి కూడా ఆకాశంలో రెండున్నర పున్నమి చంద్రుళ్ళంత వెడల్పు. అంటే అసలు వెడల్పు నూరు కాంతి సంవత్సరాలకు పైనే. అంత లోతున్న పొర నుంచి కాస్త కాస్త వెలుగు పోగవుతుంది. మధ్యలో ఉన్న బొక్క కూడా ఆ వేడి నక్షత్రాల పనే. వాటి నుంచి వీచే కణాల గాలి వాయువును బయటికి నెట్టేసింది.

నాలుగో_అంతస్తు
నేను మియాపూర్ అపార్ట్‌మెంట్ డాబా మీద నుంచి రోజెట్ తీస్తాను. ఆశ్చర్యపోకండి. హైడ్రోజన్ ఆల్ఫా, ఆక్సిజన్ గీతలను మాత్రమే పోనిచ్చే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ ఉంది. ఒక్కో గీత చుట్టూ ఏడు నానోమీటర్లు మాత్రమే తెరిచి ఉంచుతుంది. నగరం వెలుగు చాలా వరకు బయటే ఆగిపోతుంది. వెన్నెల్లో కూడా పని జరుగుతుంది.

పొదుపరి
దాని ధరకు గండికోటకు కుటుంబంతో రెండుసార్లు వెళ్ళి రావచ్చు.

నాలుగో_అంతస్తు
వెళ్ళి రావచ్చు, కానీ మర్నాడు ఆఫీసు ఉంటుంది. పాత సోడియం దీపాల రోజుల్లో వెలుగు ఎక్కువగా 589 దగ్గరే పోగయ్యేది, తేలిగ్గా ఆపేవాళ్ళం. ఇప్పటి ఎల్ఈడీలు వర్ణపటమంతా పరుచుకుంటాయి. ఇరుకు ఫిల్టర్ తప్ప గతి లేదు.

కెమెరా_వైద్యుడు
ప్రశ్న వేసినవారు ఒకటి గమనించాలి. ఆ ఫిల్టర్ ముందు పెట్టినంత మాత్రాన లోపలి ఫిల్టర్ మాయమవదు. మామూలు కెమెరాకు అది సగం మందే. వెలుగు నేపథ్యం తగ్గుతుంది, ఎరుపు మాత్రం ఆ నాలుగో వంతే వస్తుంది.

వర్ణపటం
ఇంకొకటి. ఆ ఫిల్టర్ వాయువుకే. ట్రైఫిడ్ నీహారిక ఎం20 తీస్తే ఎర్ర సగం వస్తుంది, నీలం సగం పోతుంది. ఆ నీలం ధూళి మీద పడి చెదిరిన నక్షత్రపు వెలుగు, అందులో గీతలు ఉండవు. కృత్తికల చుట్టూ ఉన్న నీలానికీ అదే గతి.

చిన్న_పెట్టె
ఇన్ని తంటాలెందుకు? నేను సీస్టార్ ఎస్50 అనే, తనంతట తానే ఫొటోలు తీసే చిన్న టెలిస్కోపు కొన్నాను. డాబా మీద పెట్టి ఫోనులో నొక్కి, లోపలికొచ్చి టీ తాగుతాను. ఫిల్టర్ లోపలే ఉంది. ఎరుపు దానంతట అదే వస్తుంది.

నిజమెక్కడ
ఫొటో తీసింది మీరా, అదా?

చిన్న_పెట్టె
టీ నేనే పెట్టాను. కాకపోతే రోజెట్ మొత్తం దాని ఫ్రేములో పట్టదు. మొజాయిక్‌గా, అంటే ముక్కలుగా తీసి అతికించాల్సి వస్తుంది. 135 మి.మీ. లెన్సువాళ్ళ మీద ఆ ఒక్క విషయంలో నాకు ఈర్ష్య.

పెన్నాతీరం
ట్రాకర్ అక్షాన్ని ధ్రువం వైపు సరిపెట్టాలి కదా, ట్రాకర్ వాడేవాళ్ళు ఆ ఉత్తరపు బాధ ఎలా పడుతున్నారో చెప్పండి. నెల్లూరులో ధ్రువ నక్షత్రం 14 డిగ్రీల ఎత్తే. కొబ్బరి చెట్టు, పక్కింటి నీళ్ళ ట్యాంకు, సముద్రపు తేమ, మూడింటి వెనక ఉంటుంది.

డాలస్_చుక్కలు
ఇక్కడ 33 డిగ్రీలు. బాల్కనీలో నుంచుంటే కనిపిస్తుంది. ఏడిపించడానికి కాదు, సమాచారం కోసం.

వర్ణపటం
ధ్రువం కనపడకపోయినా పరవాలేదు. ఆకాశంలో మూడు చోట్ల ఫొటోలు తీసి, చుక్కల పటంతో సరిపోల్చి, అక్షం ఎంత తప్పిందో చెప్పే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటి ప్రకారం మరలు తిప్పితే సరి. తేమకు లెన్సు చుట్టూ వేడి పట్టీ తప్పనిసరి, కోస్తాలో మరీను.

మెల్‌బోర్న్_మామయ్య
ధ్రువం కిందికి ఉందని ఏడ్చేబదులు దానివల్ల దొరికే లాభం చూడండి. కెరీనా నీహారిక ఒరాయన్ కంటే పెద్దది. యూరప్‌వాళ్ళకు అసలు కనపడదు. ఇక్కడ నాకు ఏడాది పొడవునా అస్తమించదు. మీకు బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో 14 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అక్కడ దక్షిణం వైపు సముద్రమే, దీపాలు లేవు. ఏప్రిల్ మధ్యలో రాత్రి తొమ్మిది గంటలకు. ఈటా కెరీనా అనే భారీ నక్షత్రం దాని మధ్యలోనే.

పెన్నాతీరం
ఏప్రిల్‌లో సముద్రం మీద ఉండే మసకలో పద్నాలుగు డిగ్రీలా? మామయ్యగారు ఊరు వదిలి చాలా కాలమైనట్టుంది.

మెల్‌బోర్న్_మామయ్య
వేసవి జల్లు పడిన మర్నాడు ప్రయత్నించు. గాలి కడిగినట్టు ఉంటుంది.

మబ్బుల_బాధితుడు
జల్లు పడిన మర్నాడు విశాఖలో మళ్ళీ జల్లు పడుతుంది. అయినా మన ప్రాంతానికి అసలు శాపం వేరు. ధనుస్సు రాశిలోని ఎం8 నీహారిక, ఆ పక్కనే ఉన్న ఎం16, హంస నక్షత్రమండలంలోని ఉత్తర అమెరికా నీహారిక, మంచివన్నీ సాయంత్రం వేళ నడినెత్తికి వచ్చేది జులై నుంచి సెప్టెంబరు దాకా. అప్పుడు ఆకాశం మనది కాదు. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున మూడింటికి లేవగలిగినవాళ్ళకే అవి.

వర్ణపటం
@రాత్రి_సంచారి మీ ఫ్రేములు కలిపిన ఫైలు, జేపెగ్ కాదు, అసలుది ఎక్కడైనా పెట్టండి. ఒకసారి చూస్తాను.

రాత్రి_సంచారి
పెట్టాను. లింకు మీ సందేశాల పెట్టెలో ఉంది.

వర్ణపటం
చూశాను. సిరిల్ అనే ప్రోగ్రాములో మూడు రంగుల చానళ్ళు విడదీశాను. ముందు నేపథ్యపు వాలు తీసేశాను. ఒక మూల మరీ వెలుగు, హైదరాబాద్ అటువైపే ఉండి ఉంటుంది. ఆ తర్వాత చానళ్ళను ఒక్కొక్కటిగా సాగదీస్తే, అంటే మసక తేడాలను పెంచి చూస్తే, ఎర్ర చానల్‌లో వలయం కనిపించింది! పల్చగా ఉంది, గోల చాలా ఉంది, కానీ ఆకారం మొత్తం ఉంది. ఉత్తరం అంచున నల్లటి ధూళి చారలు కూడా తెలుస్తున్నాయి. ఆకుపచ్చ చానల్‌లో వలయం లేదు, మధ్యలో కాస్త మసక మాత్రమే.

నిజమెక్కడ
సాగదీసింది మీరు కాబట్టి పుట్టించిందీ మీరేనని నేనంటే?

వర్ణపటం
అలా అయితే మూడు చానళ్ళనూ ఒకేలా సాగదీశాను, మూడింటిలోనూ పుట్టాలి కదా? లేని వెలుగును సాగదీస్తే గోల వస్తుంది, గులాబీ రాదు. ఫైలు మీకూ పంపిస్తాను, మీరే చేసి చూడండి.

నిజమెక్కడ
పంపండి.

కెమెరా_వైద్యుడు
నాలుగో వంతు వెలుగుతో, హైదరాబాద్ దీపాల మీదుగా ఇంత వచ్చిందంటే, మార్పించిన కెమెరాతో ఎంత వస్తుందో ఆలోచించుకోండి.

పొదుపరి
నడినెత్తిన ఉన్నప్పుడు తీస్తే ఎంత వస్తుందో ముందు ఆలోచించుకోండి. వైద్యుడుగారు రోగి నడుస్తుండగానే బల్ల మీద పడుకోబెడుతున్నారు.

నిజమెక్కడ
చేశాను. ఎర్ర చానల్‌లో ఉంది. ఆకుపచ్చలో లేదు. రంగు ఎంత పెంచారో కింద రాయాలనే మాట మీద మాత్రం ఇంకా ఉన్నాను.

రాత్రి_సంచారి
ఫిబ్రవరి అమావాస్యకు వెళ్దామనుకుంటున్నాను. కెమెరా ఇప్పుడే విప్పను, ముందు మూడు, నాలుగు గంటలు తీసి చూస్తాను. చోటు చెప్పండి. శ్రీశైలం దారి చీకటిగా ఉంటుందంటున్నారు.

పొదుపరి
అడవిలో రాత్రి చెక్‌పోస్టు మూసేస్తారు, దారిలో ఆగనివ్వరు, ఆగకూడదు కూడా. పులులున్న చోటు. గండికోట చూడండి. లేదా హార్స్‌లీ హిల్స్, కాకపోతే అక్కడ పొగమంచు దిగితే పెట్టె సర్దుకోవాల్సిందే.

నాలుగో_అంతస్తు
గండికోటలో లోయ అంచుకు దూరంగా ట్రైపాడ్ పెట్టండి. చీకట్లో అంచు తెలియదు. ఎర్ర టార్చి తీసుకెళ్ళండి, తెల్లది కాదు, పక్కవాళ్ళ ఫ్రేములు పాడవుతాయి.

మబ్బుల_బాధితుడు
కారులో ఒక చోటుంటే విశాఖ నుంచి రైలెక్కి వచ్చేస్తాను. పెట్రోలులో వాటా ఇస్తాను. మబ్బులు నాతో పాటు వస్తే మాత్రం ఇవ్వను.